వర్తకులు, వకీళ్ళు, చెన్నపట్నం

తెలుగువాళ్ళు చెన్నై వెళితే టి.నగర్‌లో చీరలు కొంటారు, వడపళనిలో దండం పెట్టుకుంటారు, ఆస్పత్రి పనుంటే అది చూసుకుని రాత్రి బండెక్కేస్తారు. జార్జ్ టౌన్ వైపు టోకు సరుకు కొనేవాళ్ళు, కేసులున్నవాళ్ళు తప్ప ఎవరూ పోరు. నాకు సరుకూ అక్కర్లేదు, దేవుడి దయవల్ల కేసూ లేదు. అయినా ఈసారి సెంట్రల్‌లో దిగగానే మెట్రో పట్టుకుని తర్వాతి స్టేషన్లోనే దిగిపోయాను. హైకోర్టు స్టేషన్. పైకొచ్చేసరికి ఒక పక్క ఎర్రటి గుమ్మటాలు, ఇంకో పక్క పారిస్ కార్నర్ బస్సుల రొద. నడుమ ఉన్నది ఒక్క రోడ్డు. ఈ ఊరి డబ్బు, ఈ ఊరి న్యాయం ఒకదాన్నొకటి చూసుకుంటూ బతికింది ఆ రోడ్డుకు రెండు వైపులా.

ప్రతి ఊరికీ పెద్దమనుషుల జాబితా ఒకటుంటుంది. ఎవరు కోట్లు గడించారు, ఎవరి ఫీజు ఎంత, ఎవరికి ఏ బిరుదు వచ్చింది. చెన్నపట్నానికి అలాంటి జాబితా నాలుగు వందల ఏళ్ళ పొడుగుంటుంది. నన్ను ఇక్కడికి లాగింది మాత్రం ఆ జాబితాలో ఖర్చు వైపు పద్దు: ఎవరు ఎంత పోగొట్టుకున్నారు, దేనికి పోగొట్టుకున్నారు.

తోడొచ్చినాయన వకీలు గుమాస్తా. అరవై దాటిన మనిషి. తాతల కాలంలో నెల్లూరు నుంచి వలస వచ్చారట. తెలుగులో అరవం కలిసిపోయి మాట హాయిగా ఉంటుంది. "రాండి సార్, పాసు తీసుకోవాల. ఫోటోలు మాత్రం తియ్యొద్దండీ" అని ముందే హెచ్చరించి గేటు దాటించాడు.

మద్రాసు హైకోర్టు 1862 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పుడు మనం చూసే భవనం 1892లో పూర్తయింది. హెన్రీ ఇర్విన్ చేతి పని. ఇండో సారసెనిక్ అంటారు. మామూలు కంటికి మసీదు, గుడి, కోట మూడూ కలిపి కట్టినట్టుంటుంది. పెద్ద గోపురం మీద 1894 నుంచి 1977 దాకా లైట్‌హౌసు ఉండేది. ఓడలకు దారి చూపించే దీపం కోర్టు నెత్తిన వెలగడం వర్తకుల ఊళ్ళోనే సాధ్యం. 1914 సెప్టెంబరులో జర్మన్ ఓడ ఎమ్డెన్ పేల్చిన గుండ్లలో ఒకటి ఈ ఆవరణలోనే పడింది. దాని గుర్తుగా ఫలకం పెట్టారు. గుమాస్తాగారు దాన్ని రోజూ చూసేవాడి నిర్లక్ష్యంతో దాటించేశాడు.

ఆయన ఆగింది ఇంకో చోట. "ఇక్కడ గుడి ఉండె సార్. చెన్నకేశవుడిది." నిజమే. 1639లో దామెర్ల వెంకటాద్రి దగ్గర కుంఫిణీవాళ్ళు ఈ ఇసకనేల పుచ్చుకున్నప్పుడు వాళ్ళ వెంట నడిచిన దుబాసీ బేరి తిమ్మప్ప తెలుగువాడు. ఈ పట్నం గుడి వెనక ఉన్న పేరూ ఆయనదే. తర్వాత ఫ్రెంచివాళ్ళ భయంతో కోట చుట్టూ జాగా ఖాళీ చేయించినప్పుడు ఇంగ్లీషువాళ్ళు గుడిని పడగొట్టించారు. పూలబజారు దగ్గర వేరే చోట మళ్ళీ కట్టారు. అలా ఒక వర్తకుడి గుడి ఉన్న నేల మీద ఇవాళ వకీళ్ళు వాదించుకుంటున్నారు.

లోపల ముత్తుస్వామి అయ్యర్ పాలరాతి విగ్రహం ఉంది. కుర్చీలో కూచున్నాడు, తలపాగా, పొడుగు కోటు, కాళ్ళకు చెప్పుల్లేవు. సర్ బిరుదున్న జడ్జిని వట్టికాళ్ళతో కూర్చోబెట్టిన శిల్పం ఇంకెక్కడైనా ఉందేమో నాకు కనబడలేదు. తంజావూరు జిల్లా పిల్లవాడు, గ్రామ కరణం దగ్గర నెలకు రూపాయి జీతానికి పనిచేశాడు. 1877లో ఈ కోర్టుకు మొట్టమొదటి భారతీయ జడ్జి అయ్యాడు. దాని మీద ఆంగ్లేయుల పత్రికలు ఎంత రుసరుసలాడాయంటే, వాటికి జవాబు చెప్పడానికి మనకంటూ ఒక పత్రిక లేదే అని కొందరు కుర్రవాళ్ళు అప్పు చేసి 1878లో ఒకటి పెట్టారు. అదే ది హిందూ. ఒక జడ్జి నియామకం నుంచి ఒక పత్రిక పుట్టింది. ఇంకాస్త దూరంలో భాష్యం అయ్యంగార్ ఉన్నాడు. అడ్వొకేట్ జనరల్ పని చూసిన మొదటి భారతీయుడు. న్యాయశాస్త్రం తప్ప ఇంకో యావ లేని మనిషిగా పేరు.

ఇదే కోర్టుకు 1948 నుంచి 1961 దాకా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న పాకాల వెంకట రాజమన్నార్ మనవాడు. ఆ కుర్చీలో కూచున్న మొదటి భారతీయుడు కూడా. తెలుగులో నాటకాలు రాశాడు, 'తప్పెవరిది' ఆయనదే. తీర్పు చెప్పే మనిషి నాటకానికి అలాంటి పేరు పెట్టడం చూస్తే నవ్వొస్తుంది. ఆయన బావ కోకా సుబ్బారావు. ఇద్దరూ కలిసి ఇక్కడే ప్రాక్టీసు చేశారు. సుబ్బారావు ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి 1954లో గుంటూరు వచ్చాడు. ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల మీద పార్లమెంటు చెయ్యి పడకూడదన్నాడు. ఇంత న్యాయం పట్టిన ఇల్లు మళ్ళీ లేదేమో.

కోర్టు బయట, రోడ్డుకు ఎదురుగా పచ్చయప్ప హాలు ఉంది. ఉందని తెలిసి వెతికితేనే కనబడుతుంది. ముందంతా చిల్లర దుకాణాలు, బ్యాగులు, ఛార్జర్లు, ప్లాస్టిక్ బొమ్మలు. తల పైకెత్తితే వాటి వెనక గ్రీకు గుడిలాంటి స్తంభాలు. ఏథెన్సులో థీసియస్ గుడిని చూసి కట్టారట. పచ్చయప్ప మొదలియార్ పుట్టుపేద. తండ్రి లేడు. ఒక దుబాసీ ఇంట్లో పెరిగి, తానే దుబాసీ అయి, విపరీతంగా గడించి 1794లో నలభై ఏళ్ళకే పోయాడు. పోయేముందు వీలునామా రాశాడు. ఎక్కువ భాగం గుళ్ళకు, ధర్మాలకు. ఆ తర్వాత మామూలే: అయినవాళ్ళు, కానివాళ్ళు, వ్యాజ్యం. దశాబ్దాలపాటు కోర్టులో నలిగింది. నలిగినంత కాలం వడ్డీ పెరిగింది. చివరకు జార్జ్ నార్టన్ అనే అడ్వొకేట్ జనరల్ పూనుకోబట్టి గుళ్ళకు పోను మిగిలిన సొమ్ముతో చదువు చెప్పించే ఏర్పాటు జరిగింది. 1842లో బడి, 1850లో ఈ హాలు. వకీళ్ళ చేతిలో పడ్డ ఆస్తి ఆవిరైపోతుందని మన ఊళ్ళలో సామెతలాగా చెప్పుకుంటాం. ఇక్కడ మాత్రం వకీలు అడ్డం పడకపోతే ఆస్తి అల్లుళ్ళ పాలై ఉండేది.

పారిస్ కార్నర్ మూల మీద డేర్ హౌస్. థామస్ పారీ 1788లో వెల్ష్ కుర్రవాడిగా ఈ ఊరొచ్చి, 1824లో కలరాతో పోయాడు. రెండు వందల ఏళ్ళ తర్వాతా బస్సు కండక్టర్లు ఆయన పేరే అరుస్తున్నారు. భవనానికి మాత్రం ఆయన భాగస్వామి డేర్ పేరు పెట్టారు. కంపెనీ 1981లో మురుగప్పవాళ్ళ చేతికి వచ్చింది. అంతకుమించి అక్కడ నాకు ఆగబుద్ధి కాలేదు. సముద్రం వైపు తిరిగాను.

రాజాజీ సాలై. పాత పేరు ఫస్ట్ లైన్ బీచ్. ఒకప్పుడు అలలు ఈ రోడ్డు దాకా వచ్చేవి, రేవు కట్టాక వెనక్కి జరిగాయి. జనరల్ పోస్టాఫీసు, ఎర్రటి స్టేట్ బ్యాంకు భవనం దాటి నడిచి, ఇండియన్ బ్యాంకు ముందు నిలబడ్డాం. ఒకప్పుడు ఆర్బత్‌నాట్ కంపెనీ ఉన్న చోటు. పారీ, బిన్నీ, ఆర్బత్‌నాట్ అంటే ఆనాటి మద్రాసుకు మూడు స్తంభాలు. పింఛను పుచ్చుకున్న గుమాస్తాలు, మొగుడు పోయిన ఆడవాళ్ళు, జమీందార్లు, జడ్జీలు అందరూ డబ్బు తెచ్చి ఆర్బత్‌నాట్‌లో పెట్టేవాళ్ళు. తెల్లదొర కంపెనీ, మునగదని ధీమా. లండన్లో ఉన్న భాగస్వామి మెక్‌ఫాడియన్ జూదంలాంటి వ్యాపారాల్లో పెట్టి ఆ సొమ్మంతా హరాయించాడు. రైలు కింద తలపెట్టాడు. 1906 అక్టోబరు 22న ఇక్కడి కంపెనీ తలుపులు మూసింది. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. ఊళ్ళో దొరలందరికీ పెద్దగా చెలామణీ అయిన మనిషి జైలుకు పోయాడు. శిక్షతో డిపాజిటర్ల డబ్బు తిరిగి రాలేదనుకోండి.

ఆ కేసులో అప్పిచ్చినవాళ్ళ తరఫున కష్టపడిన వకీళ్ళలో వి. కృష్ణస్వామి అయ్యర్ ఒకడు. మైలాపూరు వకీళ్ళలో అగ్రగణ్యుడు. మనవాళ్ళ డబ్బు దాచుకోవడానికి మనవాళ్ళ బ్యాంకు ఒకటి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. తోడుగా నాట్టుకోట్టై చెట్టియార్లు వచ్చారు. వకీళ్ళకు నోరుంది, చెట్టియార్లకు రొక్కముంది. 1907 మార్చిలో రిజిస్టరయి, ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు వ్యాపారం మొదలుపెట్టింది. మొదటి కచేరీ పారీ వాళ్ళ భవనంలోనే. హైకోర్టూ ఆగస్టు 15నే, బ్యాంకూ ఆగస్టు 15నే. జాతకాలు చూసే మిత్రులకు ఈ ముక్క ఒప్పజెబుతున్నాను. కృష్ణస్వామి అయ్యర్ మాత్రం బ్యాంకు ఎదగడం చూడకుండానే 1911లో పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు.

ఎండ ముదిరింది. వెనక్కి తంబుచెట్టి వీధిలోకి వచ్చాం. తంబుచెట్టి, లింగిచెట్టి, సుంకురామచెట్టి వీళ్ళంతా కుంఫిణీ రోజుల వర్తకులు. వస్త్రాలు నేయించి ఓడలకెక్కించి, దొరలతో బేరమాడి, వీధులకు పేర్లు మిగిల్చిపోయారు. ఇప్పుడా వీధుల్లో వస్త్రాలు లేవు, వకాల్తాలున్నాయి. ప్రతి ఇంటికీ మనిషి ఒక్కడే పట్టేంత మెట్లదారి. మెట్ల పక్క గోడ మీద కిందినుంచి పైదాకా నేమ్‌బోర్డులు. కొన్ని ఇత్తడివి, అక్షరాలు అరిగిపోయాయి. కొన్ని మొన్న రాయించిన ఫ్లెక్సీలు. ఒక బోర్డు మీద మూడు పేర్లుంటే మొదటి పేరు ముందు 'లేట్' అని ఉంది. అయినా తీసెయ్యలేదు, ఎందుకంటే క్లయింట్లు ఆ పేరుకే వస్తారట. జెరాక్సు షాపులు, టైపు మిషన్లు, స్టాంపు పేపర్లు. ఒక జూనియరు కుర్రాడు గౌను భుజాన వేసుకుని, తాడు కట్టిన కట్ట చంకన పెట్టుకుని, చేత్తో సాంబారు అన్నం పొట్లం పట్టుకుని పరిగెడుతున్నాడు.

"చెట్టిగార్ల వీధులన్నీ వకీళ్ళు పట్టేసినారు సార్. బాడిగ ఎంతైనా ఈడనే ఉండాల. రోడ్డు దాటితే కోర్టు గదా" అన్నాడు గుమాస్తాగారు.

ఈ చెట్టిగార్లలో నాకు కావలసినాయన వేరు. గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో పుట్టాడు. తండ్రి సిద్ధులు చెట్టి నీలిమందు వర్తకుడు. కొడుకు ఆ వ్యాపారాన్ని ఇంకా పెంచాడు. హాయిగా బతికి ఒక వీధికి పేరిచ్చి పోవలసిన మనిషి. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. దాని ప్రకటన వేసుకోవడానికి సర్కారు గెజిట్ ఒప్పుకోలేదు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి పార్లమెంటుకు అర్జీ పంపాడు. అందులో ముఖ్యమైన ఆరోపణ ఏమిటంటే, శిస్తు వసూలు కోసం రెవిన్యూ నౌకర్లు రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని.

ఆ హింసలు రెండు చెబుతాను. కిట్టి అని ఒకటుండేది: రెండు కర్రల మధ్య చేతులో వేళ్ళో ఇరికించి, నొప్పి తట్టుకోలేక ఒప్పుకునేదాకా బిగించడం. అనంతల్ అని ఇంకొకటి: మనిషిని ముందుకు వంచి, మెడనూ కాలివేళ్ళనూ తాడుతో కలిపి కట్టి, ఎండలో నిలబెట్టడం. పైన ఒక రాయి పెట్టడమూ ఉంది. ఇలాంటివేమీ లేవని సర్కారు మొండికేసింది. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసొస్తే లక్ష్మీనరసు చెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు, దెబ్బలు తిన్నవాళ్ళను చూపించాడు. సీమోర్ లండన్ వెళ్ళి సభలో లేవనెత్తాక తప్పనిసరై విచారణ సంఘం వేశారు. దాంట్లో ఒక సభ్యుడు జాన్ బ్రూస్ నార్టన్, హైకోర్టు ఇంకా లేని రోజుల్లో ఇక్కడి సుప్రీంకోర్టు బారిస్టరు. 1855లో ఆ సంఘం నివేదిక వచ్చింది. హింస నిజమేనని తేల్చింది. మూసిన నోళ్ళు తెరిపించడానికి ఒక నీలిమందు వర్తకుడి సొమ్మూ, ఒక బారిస్టరు సంతకమూ కావలసి వచ్చాయి.

తర్వాత లక్ష్మీనరసు చెట్టికి సి.ఎస్.ఐ. బిరుదిచ్చారు, శాసనసభలో కూచోబెట్టారు. ఈలోగా పత్రిక, అసోసియేషన్, అర్జీలు, ప్రయాణాలు కలిసి వ్యాపారాన్ని మింగేశాయి. 1868లో చేతిలో ఏమీ లేకుండా పోయాడు. కుంఫిణీకి వస్త్రాలు అమ్మిన తంబుచెట్టి గోడ గోడకీ కనిపిస్తున్నాడు. కుంఫిణీని బోనెక్కించిన లక్ష్మీనరసు చెట్టిని గురించి ఆ వీధిలో ముగ్గుర్ని అడిగాను. "ఏ నంబరు ఆఫీసండీ?" అన్నారు.

పక్కనే బ్రాడ్వే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ రోడ్డు వేయించినవాడు స్టీఫెన్ పోఫామ్ అనే వకీలు. ఇప్పుడది ప్రకాశం సాలై. ఒక వకీలు పేరు తీసి ఇంకో వకీలు పేరు పెట్టారన్నమాట. ఆ రెండో వకీలు మన టంగుటూరి ప్రకాశం పంతులు. రాజమండ్రిలో వకీలుగా సంపాదించి, 1907లో ఇంగ్లండులో బారిస్టరై వచ్చి, మద్రాసులో ప్రాక్టీసు పెట్టి, వేలకు వేలు గడించి, 1921లో అంతా వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టాడు. లక్ష్మీనరసు చెట్టి కథే మళ్ళీ. పత్రిక ఆస్తిని తినేసింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా హర్తాళ్ జరిగితే ఈ పారిస్ కార్నర్ దగ్గరే పోలీసులు కాల్పులు జరిపారు. పడిపోయిన మనిషిని చూడ్డానికి వెళ్ళబోతే అడ్డగించిన తుపాకీ ముందు ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపించింది ఇక్కడే. మన సినిమాల్లో, పాఠాల్లో ఆ ఘట్టం ఎక్కడో మైదానంలో జరిగినట్టు ఊహించుకుంటాం. తీరా చూస్తే అది ఆయన గౌను వేసుకుని రోజూ దాటిన రోడ్డు. ఎదురుగా ఆయన వాదించిన కోర్టు. అది తెలిశాక ఆ సాహసం ఇంకాస్త బరువెక్కింది నాకు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో వీరత్వం వేరు, తోటి ప్లీడర్లు కిటికీల్లోంచి చూసే చోట వేరు.

తంబుచెట్టి వీధి ఏడో నంబరు ఒకప్పటి ఆంధ్రపత్రిక చిరునామా. భారతి మాసపత్రిక పాత సంచికలు చూసినవాళ్ళకు ఆ అడ్రసు కంఠతా ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కృష్ణా జిల్లాలో పుట్టి, బొంబాయిలో 1893లో అమృతాంజనం తయారు చేసి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశాడంటారు. తలనొప్పి మీద వచ్చిన డబ్బంతా తెలుగు మీద పెట్టాడు: 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసులో దినపత్రిక, 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల, కొమర్రాజు లక్ష్మణరావు అర్ధంతరంగా వదిలిపోయిన విజ్ఞాన సర్వస్వం. ఈ జాబితాలో నష్టం రాకుండా ఉన్నది ఒకటుందేమో వెతకండి. అయినా మిగతావాళ్ళకూ ఈయనకూ ఒక తేడా ఉంది. లక్ష్మీనరసు చెట్టి అసలు పెట్టాడు, ఈయన లాభం పెట్టాడు. ఒక చేత్తో డబ్బా అమ్ముతూనే ఇంకో చేత్తో పత్రిక అచ్చు వేశాడు కాబట్టి నిలిచాడు. వర్తకం తెలిసి దానం చేయడమంటే ఇదీ.

టి.నగర్‌లో చీరలు కొనేవాళ్ళకు చెప్పాల్సిన మాటొకటి ఉండిపోయింది. ఆ టి, పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే నేతవాళ్ళ ఇంట పుట్టి, మగ్గాల కార్ఖానా నడిపి, 1909లో దక్షిణ భారత వర్తక సంఘానికి తొలి అధ్యక్షుడై, జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడై, 1920లో ముఖ్యమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. నేటి రోజుల్లో ఇది నమ్మించడం కష్టం.

గుమాస్తాగారు భోజనానికి వెళ్ళిపోయాక ఆటోలో మైలాపూరు లజ్ చర్చి రోడ్డుకు పోయాను. కోర్టులో గెలిచినవాళ్ళు, బజార్లో గడించినవాళ్ళు ఇల్లు కట్టుకున్న వైపు. నెల్లూరు జిల్లా పూదూరులో గుడి పూజారి కొడుకుగా పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఇల్లు, ఏకామ్ర నివాస్, ఈ రోడ్డు మీదిదే. తండ్రి పేరు ఇంటికి పెట్టుకున్నాడు. పదిహేనేళ్ళు మద్రాసు అడ్వొకేట్ జనరల్. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో తనకంటే పెద్దవాళ్ళున్నారని అంబేడ్కర్ అన్నప్పుడు పేరుపెట్టి చెప్పింది ఈయన్నే.

అదే రోడ్డు మీద నాగేశ్వరరావు పార్కు. పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ ఈ పక్కనే. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడ కూచుని ఒడంబడిక రాసుకున్నారు. తలనొప్పి మందు వర్తకుడి హాల్లో తెలుగు ప్లీడర్ల బేరం. రాబోయే ఆంధ్ర రాష్ట్రంలో రాజధాని ఒక వైపుంటే హైకోర్టు రెండో వైపు ఉండాలనీ, ఏది కావాలో ముందు కోరుకునే హక్కు సీమదనీ, కృష్ణ, తుంగభద్ర, పెన్నల నీటిలో సీమకు మొదటి వంతనీ రాసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని కావడానికీ, హైకోర్టు గుంటూరు పోవడానికీ పునాది ఆ కాగితమే. పార్కులో బెంచీ మీద నా పక్కన కూచున్న పెద్దాయన కడపవాడని మాటల్లో తేలింది, కూతురింటికి వచ్చాడట. శ్రీబాగ్ ఇక్కడేనండీ అని చెప్పగానే చేతికర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఆ నీళ్ళ సంగతి ఏమైందో చెప్పు ముందు" అన్నాడు. గంట దాకా నన్ను లేవనివ్వలేదు.